కందకంలో పలికిన మాట

మొన్న నా బిడ్డ ఫోన్లో యూరప్ కోటల బొమ్మలు చూపిస్తుంటే, వాటి నడుమ ఏ కాలానిదో ఒక రాతి నాటకశాల కనిపించింది. కొండవాలున మెట్లు, కింద వేదిక. అక్కడ మైకు లేకుండా మాట్లాడినా చిట్టచివరి మెట్టు మీదివాళ్ళకు వినిపిస్తుందట. నాకు వెంటనే జగిత్యాల ఖిల్లా కందకం గుర్తుకొచ్చింది.

తెలంగాణ ఉద్యమం రోజులవి. మీకూ గుర్తుండే ఉంటుంది, బస్సులు లేవు, బడులు లేవు, పొద్దున లేస్తే ఏ కబురు వినాల్సి వస్తుందోనని గుండెదడ. అట్లాంటి ఒక సాయంత్రం మా ఊరు పెగడపల్లి నుంచి ఆటోలో వేలాడుతూ జగిత్యాల వచ్చి, నెట్ సెంటర్లో డిగ్రీ పాసైనట్టు చూసుకొని, ఆ మాట అన్నకు చెప్పాలని ఖిల్లా వైపు పరుగెత్తాను. కూలి చేసి బతికే మా ఇంట్లో నాకంటే ముందు డిగ్రీ చదివినవాళ్ళు లేరు. నన్ను చదివించడానికి బడి మానేసిన అన్న సిరిసిల్లలో మరమగ్గాలు నడుపుతూ, ఉద్యమ సభల్లో గజ్జె కట్టి ధూంధాం పాటలు పాడేవాడు.

ఆనాడు మైకుకు పర్మిషన్ ఇవ్వకపోతే అన్నవాళ్ళు తమ ఆటపాట ఖిల్లా చుట్టూ ఎండిన కందకంలో పెట్టుకున్నారు. యూరప్ కోటల నమూనాలో కట్టిన ఖిల్లా అని మా హిస్టరీ సారు చెప్పేవారు. ఒకపక్క నిటారు గోడ, ఎదురుగా ఏటవాలు గట్టు నిండా జనం. గోడకు తగిలి అన్న గొంతు అందరికీ చేరేది. కానీ కందకం నాటకశాల కాదు, దిగినవాడు తిరిగి ఎక్కకుండా తవ్వింది. నేను చేరేసరికి గట్టు పైఅంచు పొడవునా పోలీసులు, ఉన్న ఒక్క దారికి అడ్డంగా వ్యాను. డప్పులు ఆగిపోయాయి. పైన లాఠీ నేలకు తగిలితే కింద అందరూ తలెత్తి చూస్తున్నారు. నన్ను గట్టు మీదే ఆపేశారు. అన్నను తీసుకుపోయేలోగా చెప్పుకోవాలి.

"అన్నా, నేను పాసైన" అన్నాను, మెల్లగానే. కందకమంతా వినిపించింది.

"గింత లొల్లిల గిదేం ముచ్చటనే పిల్లా" అంది కింద ఒక పెద్దమ్మ. జనం నవ్వారు.

అన్న నవ్వలేదు. "ఇంకోపారి చెప్పు చెల్లె. గట్టిగ చెప్పు, పోలీసు సార్లకు గూడ ఇనవడాలె."

చెప్పాను. అన్న తానే నడిచి వ్యాను ఎక్కాడు. కాలి గజ్జెలు విప్పుకోనివ్వలేదు. తలుపు పడేదాకా అవి మోగుతూనే ఉన్నాయి.

కొన్నాళ్ళకు వదిలిపెట్టారు. తెలంగాణ వచ్చింది, అన్న మళ్ళీ మగ్గాల దగ్గరికే పోయాడు, ఆ చప్పుడులోనే చెవులు మందగించాయి. ఎక్కడో ఆ రాతి మెట్ల మీద ఇప్పటికీ జనం కూర్చుని నాటకాలు చూస్తారట. మా కందకంలో తుమ్మలు మొలిచాయి. ఆ నాటకశాల సంగతి చెప్పాలని నిన్న సిరిసిల్ల వెళ్ళి, అన్న చెవి దగ్గర నోరు పెట్టి, "ఆడ మైకు లేకున్నా ఇనవడ్తదట అన్నా" అని అరిచాను.

నా పెదాల వంకే చూస్తూ, "ఇంకోపారి చెప్పు చెల్లె" అన్నాడు.