అమీను ముందు తలగుడ్డ

ఆ బస్సులో జరిగింది చాలామందికి చెప్పాను గానీ, అందులో నా పాత్రను మాత్రం దాచాను.

అప్పటికింకా నైజాం రాజ్యమే. బెజవాడ వైపు నుంచి తొలిసారి వచ్చిన ఒక పెద్దాయన కోదాడలో ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. "గీడ, గాడ అంటారేంటండీ మీరు," అని దారంతా నవ్వాడు. సూర్యాపేట నాకా దగ్గర పోలీసు అమీను తనిఖీకి బస్సాపి అందరినీ దించుతుంటే మాత్రం భయపడ్డాడు.

"మా వైపు అధికారి ముందు తలగుడ్డ తీస్తామండి. మరి ఇక్కడో?"

మా దగ్గర ఉత్త తలతో నిలబడితే అధికారిని అవమానించినట్టే. అది నాకు తెలుసు.

"గీడ గూడ గంతే కాకా. తీసి సంకల వెట్టుకో," అన్నాను.

తలగుడ్డ తీసి నిలబడ్డ ఆయన్ని అమీను ఉర్దూలో తిట్టి, చెంప మీద కొట్టి, పడిపోయినవాణ్ణి బూటుకాలితో చెవి మీద తన్నాడు. నేను లోలోపల నవ్వుకున్నాను.

ఆయనకు ఉర్దూ రాదు, ఎందుకు కొట్టారో తెలియలేదు. బస్సెక్కాక నెత్తురు తుడుచుకుంటూ, "మీరు చెప్పబట్టి తీశానండి. లేకపోతే చంపేసేవాడు," అని నాకు దణ్ణం పెట్టాడు.

ఏళ్ల తర్వాత మిర్యాలగూడ స్టేషన్లో బెంచీ మీద ఆయన కనిపించాడు. పక్కన కూర్చుని, ఆ రోజు సంగతి గుర్తుచేసి, మెల్లగా క్షమించమన్నాను.

"ఆ చెవి వినపడదండి. ఇటొచ్చి గట్టిగా చెప్పండి," అన్నాడు.

చుట్టూ జనం ఉన్నారు. లేచి రెండో వైపుకు వెళ్లాను.

"తలగుడ్డ తీయమని కావాలనే అబద్ధం చెప్పిన. నిన్ను కొడతరని తెలిసే చెప్పిన. తప్పైంది కాకా," అని అందరికీ వినపడేలా అన్నాను.