రుక్కమ్మ కోసం వెతికిన రుజువులు

ఉప్పల్ కూడలిలో కరెంటు బస్సు ఆగినప్పుడు, తలుపు తెరుచుకునే ముందు ఒక గాలి శబ్దం వస్తుంది. పెద్ద చప్పుడేమీ కాదు. ఎవరో నిదానంగా ఊపిరి వదిలినట్టు ఉంటుంది. మెట్రో స్తంభాల కింద, అన్ని హారన్ల మధ్య అది ఎవరి చెవినా పడదు. నిన్న పొద్దున దుకాణానికి వెళుతూ నేను మాత్రం ఆ శబ్దం విని బస్సు ఎక్కకుండా అలాగే నిలబడిపోయాను. కండక్టరు "ఎక్కుతరా మేడం, లేదా?" అని కేకేసేదాకా తెలివి రాలేదు. హార్మోనియం మొదటి మెట్టు పలకకముందు దాని తిత్తిలోంచి వచ్చే గాలి అచ్చం అలాగే ఉంటుంది. ఆ గాలి చప్పుడును నేను రుక్కమ్మ పెద్దమ్మ గదిలో కొన్నేళ్లపాటు రోజూ విన్నాను. ఆమె పోయి నాలుగేళ్లయింది.

రుక్కమ్మ మాకు చుట్టం కాదు. నాన్న పోయాక ఉప్పల్‌లో పాలివాళ్లతో కుదరక అమ్మా నేనూ నాచారంలో ఒక గది అద్దెకు తీసుకున్నాం. మాది మేడ మీద, ఆమెది కింద. అప్పటికే ఆమెకు అరవై దాటాయి. ఆమె తండ్రి నాటకాల్లో హార్మోనియం వాయించేవాడు. కొడుకులు లేకపోవడంతో కూతురికే విద్య నేర్పాడు. పదహారో ఏట ఆయన పక్కన కూర్చున్న మనిషి, ఆయన పోయాక ఆయన చోటులోనే కూర్చుని ముప్పై అయిదేళ్లు పౌరాణిక నాటకాలకు వాయించింది. పెళ్లి సంగతి అడిగితే "అయింది, ఆయన పోయిండు" అని అక్కడితో ఆపేసేది. చనిపోయాడో, వదిలేసి వెళ్లాడో నాకు ఇప్పటికీ తెలియదు. నాటకాలు తగ్గాక భజనలకు వాయిస్తూ, ఇద్దరు ముగ్గురికి పాఠం చెబుతూ బతికింది. వేళ్ల కణుపులు వాచడంతో ఆ పనీ సన్నగిల్లింది.

ఆమెకు లోకమంతా శ్రుతుల్లోనే వినిపించేది. పారిశ్రామికవాడలో షిఫ్టు సైరను మోగితే చెవి అటు వేసి, "ఇయ్యాల జర దిగింది, దానికి గూడ గొంతు పట్టుకున్నట్టుంది" అనేది. ఆమె వాయిస్తున్నప్పుడు నేను వెళ్లి ఫ్యాను వేస్తే చేతులు తీసేసేది. "అది బంద్ చెయ్యి బిడ్డా. దాని శ్రుతి వేరే, నా శ్రుతి వేరే. మా ఇద్దరికి పడది." ఎండాకాలంలో కూడా చెమటలు తుడుచుకుంటూ వినేదాన్ని. నేర్చుకుందామని రెండు నెలలు ప్రయత్నించాను. "నీకు వేళ్లు లేవు గని చెవులున్నయ్" అని పాఠం ఆపేసింది. అది తిట్టో పొగడ్తో చాలాకాలం తేల్చుకోలేకపోయాను.

నేనప్పుడు నాచారంలోనే ఒక డీటీపీ సెంటరులో పనిచేసేదాన్ని. ఒకరోజు ఆమె చీర కొంగులో మడిచిన పేపరు ముక్క పట్టుకుని దుకాణానికి వచ్చింది. కళనే నమ్ముకుని బతికిన వృద్ధ కళాకారులకు ప్రభుత్వం నెలనెలా పింఛను ఇస్తుందని, దరఖాస్తు చేసుకోమని అందులో ఉంది. "జర ఇది నింపు బిడ్డా. నాకు అక్షరాలు కనపడతలేవు" అంది. పేరు, వయసు, చిరునామా చకచకా కొట్టాను. వృత్తి అన్న గడి వచ్చేసరికి నా చేయి దానంతట అదే 'గృహిణి' అని కొట్టేసింది. ఆమె తెరకు ముఖం ఆనించి చూసి, "అదేం రాసినవ్?" అని అడిగింది. చెప్పాను.

"నేనెన్నడు గృహిణినైన స్వరూపా? ఇంట్ల ఉన్నదెన్నడు? పెట్టె నెత్తిన పెట్టుకొని ఊర్లకు ఊర్లు తిరిగిన. హార్మోనిస్టునని రాయి."

జెరాక్సుల కోసం నిలబడ్డవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. నేను ఆ మాట చెరిపి ఆమె చెప్పింది రాశాను. అప్పటికి కొన్ని వేల ఫారాలు నింపి ఉంటాను. అన్నేళ్లలో ఎంతమంది ఆడవాళ్లను అడగకుండానే ఆ గడి నింపేశానో ఆ రోజు మొదటిసారి ఆలోచించాను.

దరఖాస్తు నెల తిరక్కుండానే వెనక్కి వచ్చింది. కళాకారిణి అనడానికి రుజువులు జతచేయలేదని అందులో రాశారు. సెలవు పెట్టి ఆమెతో కార్యాలయానికి వెళ్లాను. అక్కడి గుమాస్తా మర్యాదగానే మాట్లాడాడు. "అమ్మా, మీరు కళాకారిణి కాదని నేనంటలేను. ఫొటోనో, కరపత్రమో, సన్మానపత్రమో ఏదో ఒకటి ఉండాలె గద. కాయితం లేకుంటే ఫైలు పైకి పోదు" అన్నాడు. ఇంటికొచ్చి ఆమె రేకుపెట్టె తిరగేశాం. కరపత్రాలు కట్టలకొద్దీ ఉన్నాయి. వేషాలు కట్టినవాళ్ల పేర్లన్నీ పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. హార్మోనియం దగ్గర మాత్రం ఆమె తండ్రి పేరే ఉంది. ఆయన పోయి ఎన్నో ఏళ్లయినా, ఆడమనిషి వాయిస్తుందంటే జనం రారని అదే పేరు అచ్చువేసేవారట. ఫొటోల్లో రాజులున్నారు, రాణులున్నారు. ఒకే ఒక ఫొటోలో, ఓ మూలన, హార్మోనియం మెట్ల మీద ఒక చేయి కనిపించింది. మట్టి గాజులున్న చేయి. మిగతా మనిషి ఫొటోలో పట్టలేదు.

"గదే నేను" అంది.

ఆ రోజే ఇంకో సంగతి చెప్పింది. ఏఎస్ రావు నగర్‌లో కొత్తగా కాఫీ దుకాణం పెడుతున్న ఒకాయన, గోడ పక్కన అలంకారానికి పాత హార్మోనియం కావాలని అడిగాడట. పింఛను రాకపోతే దవాఖానా ఖర్చులకు అమ్మక తప్పదంది. "వాయించేటోళ్లు లేకున్న, సూసేటోళ్లన్న ఉంటరు" అని నిబ్బరంగానే అంది.

మర్నాడు దుకాణంలో ఎవరూ లేని సమయం చూసి ఒక పని చేశాను. పాత ఫొటో ఒకటి స్కాన్ చేసి, ఆమె పడుచుతనంలో దిగిన ఇంకో ఫొటోలోంచి మనిషిని కత్తిరించి, వేదిక మధ్యలో హార్మోనియం ముందు కూర్చోబెట్టాను. వెలుగునీడలు సరిచేశాను. నాకే నమ్మబుద్ధయ్యేంత బాగా కుదిరింది. సాయంత్రం తెచ్చి గర్వంగా ఆమె చేతిలో పెట్టాను. కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూసింది.

"మంచిగున్నది. ఎవరీమె?"

"నువ్వే పెద్దమ్మా. ఎవరికి తెలుస్తది? పింఛను వస్తది."

ఆమె కోప్పడలేదు. ఫొటో నా ఒళ్లో పెట్టి, బొట్టు పెట్టుకునే వేలితో ఆ వేదిక మధ్యను చూపించింది. "నేను గీ జాగల ఏనాడు కూసోలే. గీడ కూసుంటే నటుని కాళ్లు నాకెట్ల కనపడతయ్? ఆయన అడుగు సూసుకుంటనే నేను మెట్టు ఒత్తేది. తెర పక్కకే నా జాగ. ఎవరో కూసోనియ్యక గాదు, పనికి అదే జాగ." "ముప్పై అయిదేండ్లల్ల అబద్ధపు శ్రుతి ఒక్కటి ఇయ్యలే బిడ్డా. ఇప్పుడెందుకు?" అంది. ఆమెను కాపాడుతున్నానని అనుకుంటూ నేను చేసింది ఆమెను చెరిపేసి ఇంకెవరినో అక్కడ పెట్టడమే. మర్నాడు పొద్దున దుకాణం తెరవగానే కంప్యూటర్లోంచి ఆ ఫొటో తీసేశాను.

రుజువులు కాగితాల్లో లేకపోతే మనుషుల్లో ఉండాలి కదా అన్న ఆలోచన అప్పుడు వచ్చింది. ఆమెతో కలిసి ఆడినవాళ్లలో ఎవరైనా బతికుంటే, వాళ్ల చేత ఉత్తరాలు రాయించవచ్చు. ఆమె మొదట ఒప్పుకోలేదు. "ఒకల ఇంటికి పోయి నేను ఫలానా అని చెప్పుమని అడుగుడా?" అని రెండు వారాలు మొండికేసింది. చివరికి మా అమ్మ చెబితే కదిలింది. మేం మొదట వెళ్లింది మల్కాజిగిరిలో ఉండే నరహరి గారింటికి. ఆయన రాజవేషాలకు పేరుపడ్డ నటుడు. ఎనభై దాటిన మనిషి, మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. రుక్కమ్మను చూడగానే కళ్లు వెడల్పు చేసి, "ఏమే రుక్కీ, ఇంక బతికే ఉన్నవా?" అన్నాడు. "నువ్వున్నవు గద, నీ ఎనక నేనుంట" అంది ఆమె. అంతే, ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వారు.

వచ్చిన పని చెప్పాను. ఆయన కాగితం తీసుకోకుండా నన్నే రాయమన్నాడు. నాలుగు పొగడ్త మాటలు చెబుతాడనుకున్నాను. ఆయన ఇలా చెప్పాడు. "రాయి బిడ్డా. నాకు యాభై దాటినంక గొంతు నిలువకుండ అయింది. ఒక్క పద్యం పాడితే రెండో పద్యానికి పై శ్రుతి అందకపోయేది. అప్పుడు ఈ రుక్కి, పద్యానికి పద్యానికి నడుమ అర మెట్టు దించేది. జనానికి తెల్వకుండ. పదేండ్లు గట్ల నడిపిచ్చింది. ఒన్స్ మోర్‌లు నాకొచ్చినయ్. పాడింది నేను గాదు, ఈమె."

రుక్కమ్మ నిలబడ్డది నిలబడ్డట్టే కుర్చీ పట్టుకుంది. "నీకు తెల్సా?" అంది.

"తెల్వకేంది. చెప్తే నా పేరు పోతదని చెప్పలే. తప్పు జేసిన రుక్కీ."

ఆమె ఆయన కాళ్ల మీంచి జారిన దుప్పటి సరిచేసింది. ఆయన సంతకం పెడుతుంటే కాగితం కదలకుండా పట్టుకుంది. తర్వాత ఇంకో ముగ్గురి దగ్గరికి వెళ్లాం. ముగ్గురూ రాసిచ్చారు. ప్రతి ఉత్తరాన్నీ ఆమె నాచేత రెండుసార్లు చదివించుకుంది. పింఛను సంగతి ఆ రోజుల్లో మళ్లీ ఎత్తనే లేదు.

ఆ ఉత్తరాలు పెట్టాక ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. హార్మోనియం ఆటోలో పెట్టుకుని వెళ్లాం. ఎదురుగా ముగ్గురు సభ్యులు కూర్చున్నారు. "ఏదైనా వాయించి వినిపించండమ్మా" అన్నాడు పెద్దాయన.

"నేనొక్కదాన్నే ఏనాడు వాయించలే సార్. ఎవరన్న పాడాలె. నేను ఎంబడి వస్త."

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె తలుపు దగ్గర నిలబడ్డ నా వైపు తిరిగి, "స్వరూపా, పాడు" అంది. బళ్లో ప్రార్థన తప్ప నలుగురిలో నేనెప్పుడూ పాడింది లేదు. అమ్మ పాడే బతుకమ్మ పాట ఒకటి ఎత్తుకున్నాను. ఆమె వాచిన వేళ్లతో నా గొంతు ఎక్కడుందో వెతికి పట్టుకుంది. మొదటి చరణం గడిచింది. రెండో చరణంలో నా గొంతు శ్రుతి తప్పుతుందనే అనుకున్నాను, తప్పలేదనే అనిపించింది. పాట అయిపోయేసరికి పెద్దాయన కలం మూసి, కళ్లు మూసుకుని ఉన్నాడు.

తిరిగొస్తుంటే ఆటోలో ఆమె మెల్లగా, "రెండో చరణంల జారినవు" అంది.

"అయ్యో, వాళ్లకు తెల్సిందా?"

"నీకే తెల్వనియ్యలే, వాళ్లకెట్ల తెలుస్తది?"

"మరి నాకెందుకు చెప్తున్నవు?"

"నరహరి లెక్క ఏండ్లకేండ్లు దాచుకునుడెందుకని" అని కిలకిలా నవ్వింది.

నాలుగు నెలలకు మంజూరు ఉత్తర్వు వచ్చింది. అందులో ఆమె పేరు, పేరు కింద 'హార్మోనియం కళాకారిణి' అని ఉంది. ఆమె పేరు అచ్చులో పడటం అదే మొదలు. అక్షరాలు కనిపించవు కనుక వేలితో తడిమి, "ఏడున్నది?" అని అడిగింది. చూపించాను. నరహరి గారికి ఫోను కలిపించి ఆయనకూ చదివి వినిపించమంది. కాఫీ దుకాణం ఆయన మళ్లీ వస్తే, హార్మోనియం ఇంకా పనిచేస్తున్నదని చెప్పి పంపేసింది. మూడేళ్లకు పైగా పింఛను అందుకుంది. మందులు కొనుక్కుంది, హార్మోనియంలో పాడైన రీడ్లు మార్పించింది. ఒక చలికాలం పొద్దున నిద్రలోనే పోయింది. తన దగ్గర నేర్చుకుని ఇప్పుడు బళ్లో సంగీతం చెబుతున్న ఒకమ్మాయికి హార్మోనియాన్ని ఇచ్చిపోయింది.

ఇప్పుడు చిల్కానగర్‌లో నాకు సొంత దుకాణం ఉంది. బోర్డు మీద రాయకపోయినా కళాకారులు వెతుక్కుంటూ వస్తారు. పింఛనుకు కొందరు, నాటకం ఆడటానికి సాయం కోరి కొందరు, వాద్యాల కోసం కొందరు. అందరికీ రాదు. వెనక్కి వచ్చినవే ఎక్కువ. ప్రభుత్వం ఇచ్చేదాన్ని కొందరు దానమనుకుని నా ముందే తలవంచుకుంటారు. మీరు చేసిన పనికి గుర్తింపు ఇది, తలెత్తి అడగండి అని చెబుతుంటాను. ఎదుటి మనిషి మాట ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ తడబడుతుందో కనిపెట్టి దాని వెనక నడవడం ఆమె నాకిచ్చిన పని. అందుకే ఎవరు వచ్చినా ముందు కీబోర్డు పక్కకు జరుపుతాను.

పోయిన వారం యాదగిరి అనే ఆయన వచ్చాడు. నలభై ఏళ్లు నాటకాలవాళ్లకు ముఖానికి రంగులు వేసిన మనిషి. "నేనేం కళాకారుణ్ని గాదమ్మా, ఊకె వచ్చిన" అంటూనే కూర్చున్నాడు. "మామా, మొదలు ఎవరికి రంగేసినవో ఆ ముచ్చట చెప్పు" అన్నాను. గంటన్నర చెప్పాడు. ఆయన చేత పాతికేళ్లు ముఖం దిద్దించుకున్న నటి రామంతాపూర్‌లో ఉందట. ఆమెను ఉత్తరం రాసిమ్మని అడగాలంటే తనకు నోరు రాదన్నాడు. శనివారం దుకాణం మూసి ఇద్దరం కలిసి వెళుతున్నాం. అడగడం నేను అడుగుతాను, ఆయన వచ్చి పక్కన కూర్చుంటే చాలు.