సైకిల్ ఎనక ఉరికినోడు

నా బావమరిదిని చూస్తే నాకు కుళ్ళు. దాచుడెందుకు, ఉన్నదున్నట్టే చెప్తున్న. వాడు నా భార్య తమ్ముడు. నాగోల్‌ల ఉంటడు, దిల్‌సుఖ్‌నగర్‌ల బండ్ల స్పేర్ పార్టుల దుకాణం నడుపుతడు. ఆదివారం తప్ప పొద్దున ఎనిమిదింటిదాక మంచం దిగడు. వాని కంటే ముందు వాని పొట్ట ఇంట్లకొస్తది. రెండు మెట్లెక్కితే ఆయాసం. గసుంటోడు గుమ్మంల కనిపిస్తే చాలు, నా బిడ్డ ఉరికి పోయి మెడకు చుట్టుకుంటది.

మరి నేను? నాలుగున్నరకు లేస్త. ఎల్బీ నగర్ నుంచి బండి మీద దిల్‌సుఖ్‌నగర్ జిమ్ముకు పోయి గంటన్నర చెమట కారుస్త. ఇంటికొచ్చి ఆరు గుడ్ల తెల్లసొన మింగి ఆఫీసుకు పోత. సాయంత్రం మళ్ల గంట నడక. ఆదివారం రన్నింగ్ గ్రూపుతోని దూరం ఉరుకుడు. నలభై దాటినంక దవాఖానల డాక్టరు నా బీపీ చూసి మూతి ముడిచిండు, ఆ రోజు నుంచి ఇదే పూజ, ఇదే పునస్కారం. ఇంట్ల ఎవరన్న నోరు తెరిస్తే నా దగ్గర ఒకటే జవాబు, "మీ కోసమే గదా ఇదంత!" అని. అబద్ధం గాదు. కాని వాళ్ళతోని కూసుని ఒక్క పూట బువ్వ తిని ఎన్ని రోజులైందో నాకే యాదిలేదు.

మా నల్లగొండ దిక్కు మేనమామకు ఇచ్చే ఇజ్జత్ మీకు తెల్వనిది గాదు. చెవులు కుట్టించిన రోజు బిడ్డ మామ ఒళ్ళెనే కూసున్నది. సూది గుచ్చంగనే కెవ్వుమని వాని అంగీ గట్టిగ పట్టుకున్నది. కన్నతండ్రిని నేను అవతల నిలబడి ఫోన్ల వీడియో తీస్తున్న. ఆచారమది, కాదంటే ఎవరింటరు? అయినా నా కడుపుల ఆ రోజే చిన్నగ రాజుకున్నది.

బిడ్డకు తొమ్మిదేండ్లు నిండిన రోజు సైకిల్ కొన్న. "ఆదివారం నేర్పిస్త బిడ్డా" అన్న. అప్పుడే హాఫ్ మారథాన్‌కు పేరిచ్చి ఉంటి. ఒక ఆదివారం పద్నాలుగు కిలోమీటర్లు, ఇంకో ఆదివారం పదహారు. ఇంటికి చేరేసరికి ఎండ నెత్తి మీదికొస్తుండె, కాళ్ళు నావి కానట్టు ఉంటుండె. "వచ్చే వారం పక్కా" అంటుంటి. బిడ్డ కొన్ని వారాలు అడిగి, తర్వాత అడుగుడే బంజేసింది. పెద్దగైంది, సమజ్ చేసుకున్నది అని నేను ఖుషీ అయిన. శనివారం సాయంత్రం తల్లీబిడ్డలు నాగోల్ పోయి ఆదివారం మధ్యాహ్నం వస్తుండిరి. నాకూ మంచిగనే ఉండె, తెల్లారి ఏ లొల్లి లేకుండ బూట్లేసుకుని బయటపడొచ్చు.

గట్ల ఒక ఆదివారం మా గ్రూపు ఉప్పల్ దాక పోయి మర్లింది. నాగోల్ మెట్రో దగ్గర దూపైంది. బావమరిది ఇంట్ల నీళ్ళు తాగి, అట్లనే బిడ్డను ఒకసారి చూసి పోదామని వాళ్ళ గల్లీలకు మల్లిన.

గల్లీల నా బిడ్డ సైకిల్ తొక్కుతున్నది. ఎవరిదో పాత సైకిల్. దాని ఎనక లుంగీ ఎగ్గట్టుకుని, బనీను మీద, హవాయి చెప్పులు టపటప కొట్టుకుంట నా బావమరిది ఉరుకుతున్నడు. సీటు మీద చెయ్యి కూడ లేదు. పిల్లకు ఎప్పుడో వచ్చేసింది, మూల మలుపు మంచిగ తిరుగుతున్నది. వాడు ఊకెనె, పడ్తదేమోనని, పొట్ట ఎగురుకుంట ఉరుకుతున్నడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. నేను కొన్న సైకిల్ ఇంట్ల ప్లాస్టిక్ కవరు కూడ ఇప్పకుండ గోడకు ఆనుకుని ఉన్నది. సొమ్మొకనిది సోకొకనిది! ఇన్ని కిలోమీటర్లు ఉరికిన నేను ఆ గల్లీల ఒక్క యాభై అడుగులు ఉరకలేకపోతినా? పిలువలే. నీళ్ళు కూడ తాగలే. మర్లి ఇంటిదాక ఎన్నడు లేనంత జోరుగ ఉరికిన. దారిల కలిసిన గ్రూపోళ్ళు శభాష్ అన్నరు. వాళ్ళకేమెరుక నా మంట!

మధ్యాహ్నం ఇద్దరు వచ్చిండ్రు. ఇప్పుడు చెప్తది, ఇప్పుడు చెప్తదని బిడ్డ ముఖమే చూస్తున్న. చెప్పలే. నా భార్య సుత ఊసెత్తలే. అందరు ఒక్కటై నన్ను బయటోణ్ణి చేసిండ్రని ఇంక మండింది. "వచ్చే ఆదివారం నేను ఉరుకుటానికి పోను. సైకిల్ నేర్పిస్త" అన్న. "పానం మంచిగనే ఉన్నదా?" అన్నది నా భార్య. నా మనసుల ఉన్నది వేరే. బిడ్డ సైకిలెక్కి ఝామ్మని పోతది, "ఎవరు నేర్పిండ్రు?" అని అక్కడికక్కడ నిలదీయాలె.

ఆదివారమొచ్చింది. కవరు ఇప్పి, గాలి కొట్టి, ఇంటి ముందట సైకిల్ నిలబెట్టిన. బిడ్డ ఎక్కింది. ఎక్కంగనే హ్యాండిల్ ఇటు ఒకసారి, అటు ఒకసారి ఊపింది. "డాడీ! ఇడువకు, పడ్త!" అని అరిచింది.

నాకు అర్థం కాలే. నన్నే ఆటపట్టిస్తున్నదా అనుకున్న. వంగి ముఖం చూసిన. పెదవి కొరుక్కుని, బుగ్గలు ఎర్రగ చేసుకుని, రానట్టు తొక్కుటానికి నానా తిప్పలు పడుతున్నది. నాలుగు సార్లు గల్లీ చివరిదాక సీటు పట్టుకుని ఉరికిన. ఐదోసారి చెయ్యి తీసిన. మర్చిపోయి సాఫుగ సగం గల్లీ పోయింది. అప్పుడు యాదికొచ్చింది కావచ్చు, గబుక్కున హ్యాండిల్ ఊపి, కాలు కింద పెట్టి, నేను చూసిన్నా లేదా అని ఎనక్కి తిరిగింది.

"వచ్చేసింది బిడ్డా!" అన్న.

"నువ్వు నేర్పినవ్ గదా డాడీ, జల్ది వచ్చింది" అన్నది, కండ్లు ఆర్పకుండ.

నిలదీద్దామని వారం రోజులు నూరుకున్న మాట ఇడిచిపెట్టి సైకిల్‌కు స్టాండేసిన. వంటింట్లకు పోయి నా భార్యను మెల్లగ అడిగిన. ఆమె పొయ్యి దిక్కే చూసుకుంట చెప్పింది. "మా తమ్ముడే నేర్పిండు. 'మీ డాడీ ఒకరోజు తప్పకుండ తీరిక చేసుకుంటడు, అందాక సైకిల్ వచ్చినట్టు చెప్పకు, ఆయన సంబురం ఆయనకు ఉండనియ్యి' అని పిల్లతోని అన్నడు. ఆ పిల్ల మూడు నెల్ల సంది నీ తీరిక కోసమే చూస్తున్నది."

అంతల నా ఫోన్ మోగింది. వాడే.

"బావా! ఒక్క పూటల నేర్పినవంట గదా, బిడ్డ ఇప్పుడే ఫోన్ చేసి చెప్పింది. నాతోనైతే కాకపోవు బావా!"

"ఆఁ... జర కష్టపడ్డ" అన్న.

అవతల ఖుషీగ నవ్విండు. ఆ నవ్వుల ఏ మూలనన్న ఎక్కిరింపు ఉన్నదేమోనని చెవి రిక్కించి విన్న. లేకుండె. ఉంటే మంచిగుండు, వాణ్ణి నాలుగు తిట్టుకుని ఊపిరి తీసుకుందును.