అయిదు రోకళ్ల వరుస

నా చిన్నప్పుడు ఇల్లందులో మేమున్న క్వార్టరు వెనకాల మా మామయ్యకు ఒక రేకుల షెడ్డు ఉండేది. ఆయన బొగ్గు గని వర్క్‌షాపులో ఫిట్టరు. డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, టీ తాగి నేరుగా అందులోకి వెళ్లిపోయేవాడు. ఆ వీధిలో ఎవరి ఫ్యాను ఆగినా, ఎవరి కుట్టు మిషను మొరాయించినా అక్కడికే చేరేది. నాన్న ఉద్యోగం సత్తుపల్లి వైపు కావడంతో బడి కోసం నన్ను అమ్మమ్మ దగ్గర ఉంచారు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, నేను ఎనిమిదో తరగతి చదువుతుండగా, ఆ షెడ్డులోనే మేమొక బంగారు గని మిల్లును కట్టాం.

బొగ్గు ఊళ్లో బంగారం ఎక్కడిదంటే, అది మా అమ్మమ్మ పుట్టింటి సంగతి. ఆమె కోలారు గనుల దగ్గర పుట్టింది. వాళ్ల నాన్న అక్కడ బంగారపు రాయిని దంచే మిల్లులో పనిచేసేవాడు. అమ్మమ్మ పెళ్లయి ఇల్లందు వచ్చింది, మళ్లీ అటు పోలేదు. నలభై దాటాక ఆమెకు వినికిడి తగ్గుతూ వచ్చి, నాకు ఊహ తెలిసేనాటికి బొత్తిగా వినపడేది కాదు. అన్నం వేళకు చేత్తో సైగ చేసి పిలిచేవాళ్లం. అంతకు మించి ఆమెతో కూర్చుని మాట్లాడింది తక్కువ. ఇప్పుడు ఈ మాట రాస్తుంటే సిగ్గుగానే ఉంది.

బడిలో సైన్సు ఎగ్జిబిషన్ పెడుతున్నామని, తలా ఒక నమూనా చేసుకు రమ్మని మా సారు చెప్పారు. క్లాసులో సగం మంది బొగ్గు గనే చేస్తున్నారని మామయ్యతో చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, గోడకున్న పాత ఫోటో దించి అద్దం తుడిచాడు. అందులో అమ్మమ్మ వాళ్ల నాన్న తలపాగా చుట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన వెనకాల అయిదు పెద్ద ఇనుప రోకళ్లు, పైన అడ్డంగా ఒక ఇరుసు. మనం దీన్ని చేద్దామన్నాడు మామయ్య.

పదిహేను రోజులు పట్టింది. పాత మంచం కోళ్లతో చట్రం కట్టాం. పొడవాటి బోల్టులు రోకళ్లయ్యాయి. ఇరుసుకు అయిదు చోట్ల వంపు తిరిగిన ఇనుప నాలుకలు బిగించాడు. సైకిల్ పెడల్ పట్టుకుని ఇరుసును తిప్పితే ఒక్కో నాలుక ఒక్కో రోకలిని పైకెత్తి వదిలేస్తుంది. కింద నూనె డబ్బా కోసి చేసిన తొట్టి, దానికి టీ జల్లెడ, జల్లెడ ముందు వాలుగా పరిచిన తడి గొంగడి ముక్క. రాయికి బదులు ఇటుక ముక్కలు, బంగారానికి బదులు ఇత్తడి రజను. ఇటుక నలిగి, తొట్టిలో పోసే నీళ్లతో కొట్టుకుపోవాలి, బరువైన ఇత్తడి గొంగడి బొచ్చులో చిక్కుకోవాలి. అంతా అనుకున్నట్టు కుదిరితే అదే అసలైన మిల్లు.

కుదరలేదు. రోకళ్లు ఒకదాని తర్వాత ఒకటి, మొదటి నుంచి చివరి దాకా, అల కదిలినట్టు చూడముచ్చటగా పడేవి. కానీ నాలుగు చుట్లు తిప్పేసరికి ఇటుక ముక్కలన్నీ చివరికి జరిగిపోయి అయిదో రోకలి కింద గుట్ట పడేవి. అది ఇరుక్కుని కదిలేది కాదు. మిగతా నాలుగూ ఉత్త డబ్బాను కొట్టేవి. మామయ్య తొట్టిని ఎత్తాడు, వంచాడు, అడుగున రేకు మార్చాడు. మూడు సాయంత్రాలు అలాగే గడిచాయి. నాలుగు రోజుల్లో ఎగ్జిబిషన్. నాకు ఏడుపొచ్చేలా ఉంది.

"ఇటుక పొడి ముందే దంచి తొట్టిల పోద్దాం మామయ్యా. ఎవరు చూస్తరు?" అన్నాను.

ఆయన కోప్పడలేదు. "చూస్తరో చూడరో. మిషిని దంచాలె గద" అన్నాడు. కానీ ఆ గొంతులో ఓపిక అయిపోయినట్టే ఉంది. రెండు రోకళ్లు తీసేసి మూడింటితో సరిపెడదామని పానా చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడే అమ్మమ్మ టీ గ్లాసులు పట్టుకుని వచ్చింది. మిల్లు పెట్టిన బల్ల మీదే గ్లాసులు పెట్టి, ఆనుకుందామని చెయ్యి వేసింది. నేను ఊరికే పెడల్ తిప్పుతున్నాను. రోకళ్లు పడుతున్నాయి. ఆమె చెయ్యి అక్కడే ఉండిపోయింది. కళ్లు మూసుకుంది. మాకు చప్పుడు చెవికి వినిపిస్తుంటే ఆమెకు అరచేతికి వినిపిస్తోందని అప్పుడు నాకు తట్టలేదు. కళ్లు తెరిచి తల అడ్డంగా ఊపింది.

"తప్పు పడుతున్నది. మా నాయిన మిల్లు గిట్ల నడ్వది" అంది.

బల్ల మీద అయిదు వేళ్లూ ఆనించి కొట్టి చూపించింది. ముందు బొటనవేలు, తర్వాత ఉంగరపు వేలు, చూపుడు వేలు, చిటికెన వేలు, చివరికి నడిమి వేలు. మళ్లీ మొదటి నుంచి. ఎక్కడా తడబడలేదు. చిన్నప్పుడు తండ్రికి సద్ది తీసుకుపోయి మిల్లు గేటు దగ్గర కూర్చునేదట. ఆయన బయటికి వచ్చేదాకా లోపలి మోతకు జతగా సద్దిగిన్నె మూత మీద అలా కొట్టుకునేదట. ఆ మోత వినీ వినీ తన తండ్రికి కూడా చెవులు పోయాయని, చివరి రోజుల్లో ఆయన బల్ల మీద వేళ్లు ఆడిస్తుంటే తనొక్కతికే అర్థమయ్యేదని చెప్పింది.

మామయ్య సుద్దముక్కతో నేల మీద రాసుకున్నాడు. ఒకటి, నాలుగు, రెండు, అయిదు, మూడు. రాసినదాన్ని చాలాసేపు చూశాడు. పక్కపక్క రోకళ్లు వెంటవెంటనే పడవు కాబట్టి ఒకటి తోసిన రాయిని ఇంకొకటి వెనక్కి తెస్తుందని, అందుకే గుట్ట పడదని ఆయనకు అప్పుడు అర్థమైంది. తల్లి ముందుకు వెళ్లి, ఆమె పెదవులు చూసి గ్రహించేలా నిదానంగా అడిగాడు.

"ఇన్నేండ్లు గీ ముచ్చట మాకు చెప్పనే లేదు గదనే అమ్మా?"

"ఎవ్వరడిగిండ్రు బిడ్డా. మీకు డ్యూటీలు, నాకు వంట" అంది అమ్మమ్మ. నిష్ఠూరమేమీ లేదు. టీ చల్లారిపోతుంది తాగమంది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే మామయ్య నాలుకలన్నీ ఊడదీసి కొత్త వరుసలో బిగించాడు. తిప్పాను. ఇటుక ముక్కలు ఎక్కడివక్కడ ఎగిరి పడుతూ నలిగాయి. ఎర్రటి నీళ్లు జల్లెడ దాటి జారాయి, గొంగడి మీద ఇత్తడి రజను మిగిలి మెరిసింది. మామయ్య ఇంట్లోకి వెళ్లాడు. అమ్మమ్మను తీసుకొచ్చి పీట వేసి కూర్చోబెట్టి, ఆమె చెయ్యి బల్ల మీద పెట్టాడు. ఆమె కాసేపు ఉండి, "అవ్, గిదే" అంది. అని చీర కొంగుతో మొహం తుడుచుకుంది.

ఎగ్జిబిషన్‌కు మామయ్య ఆమెను బండి మీద తీసుకొచ్చాడు. చూడ్డానికి వచ్చిన వేరే బడి సారు ఈ వరుస ఎందుకని అడిగితే కారణం చెప్పాను, ఎవరు నేర్పారో కూడా చెప్పాను. ఆయన నేరుగా వెళ్లి అమ్మమ్మకు దండం పెట్టారు. మాకు రెండో బహుమతి వచ్చింది, ఒక స్టీలు టిఫిన్ డబ్బా. మొదటిది బల్బులు వెలిగే బొగ్గు గనికి పోయింది. నాకేమీ బాధ కలగలేదు.

ఇప్పుడు మా ఇంటి పిల్లలకు నేనే పెద్దదాన్ని. ఒక ఫ్యాక్టరీలో మిషన్ల మరమ్మతు విభాగం చూస్తాను. మిషను ఆగిందని పిలుపు వస్తే పానా తీసేముందు అక్కడ రోజూ ఊడ్చే ఆమె దగ్గరికి వెళ్తాను. మొన్నామధ్య ఒక పంపు ఆగినప్పుడు, రెండు రోజుల నుంచి నేల అదురుతున్నదని, చీపురు పట్టిన చేతికి తెలుస్తున్నదని ఆమె చెప్పింది. బేరింగు విప్పి చూస్తే అరిగిపోయి ఉంది. అందరికీ అన్నీ తెలుస్తాయని కాదు. తెలియకపోతే తెలియదంటారు, నాకు పోయేదేమీ లేదు. తెలిసినవాళ్లు చెప్పడం మొదలుపెడితే మాత్రం గడియారం చూడను, ఎదురుగా కూర్చుని చివరిదాకా వింటాను.