దూది పట్టిన చక్రాలు

ఎదురింటి గేటుకు రంగు వేస్తున్నారు. ఎనామిల్, టర్పెంటైన్ కలిసిన ఆ ఘాటు తగలగానే మా పెదనాయన మీద ఒళ్ళు మండింది. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. నేను పెట్టుకున్నాను.

ఆదోనిలో మాది పత్తి మిల్లు, ఉమ్మడి కాపురం. చలికాలం వస్తే పత్తిబండ్లు వీధి పొడుగునా నిలిచేవి. మిల్లు ఆడినంతసేపూ నూగుదూది గాలిలో తేలుతూ మా జడల్లో, ఆరేసిన చీరల మీద, జొన్నరొట్టెలో నంజుకునే గురెళ్ళకారంలో కూడా వాలేది. పెదనాయన కూతురు సావిత్రి, నేను ఒకే కంచంలో తిని, ఒకే దుప్పట్లో ముడుచుకుని పడుకునేవాళ్ళం. నాయన, పెదనాయన గొంతు పెంచినప్పుడల్లా, ఇల్లు రెండైతే సావిత్రి నాకు దక్కదని హడలిపోయేదాన్ని.

ఆ యేడు తగువు కారు చక్రాల దగ్గర వచ్చింది. తాత కొన్న ఆ పాత కారుకు సైకిలుకున్నట్టు సన్నటి స్పోకుల చక్రాలు. అవి తుప్పు పట్టాయని, ఎమ్మిగనూరు జాతరకు పోయేలోపల రంగు వేయాలనుకున్నారు. మా దారులన్నీ నల్లరేగడి, బురద చిమ్మినా కనపడదు కాబట్టి మెరుపు లేని నలుపు వేద్దామన్నాడు నాయన. పెదనాయన కస్సుమన్నాడు.

"నలుపేందిరా, సావుకు పోతాండామా? వెండి రంగెయ్యల్ల. జనం కండ్లు సెదరల్ల!"

"సరేన్నా, వెండే ఏద్దాం. ఆరేదాకా ఒక్కదినం మిల్లు ఆపు. దూది అంటుకుంటాది."

"నీ సక్రాల కోసం నా మిల్లు ఆపల్లా?"

ఇద్దరిదీ అయిన మిల్లు ఒక్క మాటతో ఆయనదైపోయింది! మిల్లు ఆడుతుండగానే దాని వాకిట్లోనే రంగు వేయించాడు. సాయంత్రానికి నాలుగు చక్రాలూ బూజు పట్టిన ఊరగాయలా తయారయ్యాయి. దూది పీకబోతే రంగూ ఊడొచ్చింది. ఇంత చేసి, కూలీలందరి ముందూ మా నాయన మీద విరుచుకుపడ్డాడు.

"నా మాట నెగ్గిందని కుళ్ళుకోని, నువ్వే మిల్లు తలుపులు బార్లా తీసినావు!"

నాయన మొహం నల్లబడింది. "ఇంగ సాలన్నా. పంచెయ్యి," అన్నాడు.

"పంచుతా. ఈ సక్రాలు నీ పాలు, పో!"

వేళాకోళమనుకున్నాం. మరునాడే చక్రాలు ఊడదీయించి మా వైపు దొర్లించాడు. కారును బండల మీద నిలబెట్టి తన వైపు ఉంచుకుని మధ్యలో గోడ కట్టించాడు. జాతరకు ఎవరూ పోలేదు. గోడ దగ్గర నిలబడి పిలిచానని సావిత్రిని కొట్టాడు కూడా, పాపిష్టి మనిషి. తర్వాత నేను పిలవలేదు. ఆమె పెళ్ళికి మాకు పిలుపు లేదు, మేళం మాత్రం గోడ ఇవతల నుంచి విన్నాను.

ఇప్పుడు మిల్లు లేదు, ప్లాట్లు వేశారు. పత్తిబండ్లూ లేవు, గోడా లేదు. పెదనాయన పోయినప్పుడు కబురొస్తే నేను వెళ్ళలేదు. సావిత్రి బళ్ళారిలో ఉందంటారు. ఎదురుపడితే పోల్చుకోలేను.