అంకాలమ్మ అడిగిన కేంద్రం

కొల్లేటి ఒడ్డున నలభై ఏళ్లుగా చేపలమ్ముతున్న అంకాలమ్మ ఎవరినీ నమ్మదు. తక్కెడ కనిపిస్తే చాలు, అడుగున చింతపండు అంటించారేమోనని తిప్పి చూస్తుంది. అనుమానం పెనుభూతం అని కోడలు గొణిగితే, "ఆ భూతమే మనకి ఇన్నాళ్లూ కూడెట్టింది" అంటుంది.

మొన్న వేసవిలో ఆమె తాటి దోనెను అటవీ గార్డులు పట్టుకుపోయారు. పక్షుల అభయారణ్యం గీత లోపల వల వేసిందట. నీళ్ల మీద గీత ఎవడు గీశాడో ఆమెకు తెలియదు. దోనె లేకపోతే వేట లేదని మాత్రం తెలుసు.

"ఊళ్లో దీపాలు నా చేతిలోవి, నీళ్లు కావు పిన్నీ" అన్నాడు సర్పంచి రాంబాబు. హనుమాన్ జంక్షన్లో బస్సు మారి విజయవాడ వెళ్తే, చేపల ఆఫీసులో "చేప మాది, పక్షి మాది కాదమ్మా" అన్నారు. అటవీ ఆఫీసు గుమాస్తా మర్యాదగానే చెప్పాడు.

"అభయారణ్యం సంగతి కదండీ, కేంద్రం చెప్పాలి మామ్మగారూ."

అంకాలమ్మకు తెలిసిన కేంద్రం ఒకటే, ఊళ్లోని అంగన్‌వాడీ కేంద్రం. దాన్ని నడిపే సుధామణి ఆమె తోడికోడలి కూతురు. కుళాయి దగ్గర ఇద్దరికీ మాటామాటా వచ్చి ఏడాదైంది. ఓహో, ఇదా సంగతి అనుకుంది. బస్సు దిగుతూనే అక్కడికి పోయింది.

"నా దోనె వదలమని ఒక్క మాట చెప్పడానికి నీకేం నొప్పే?"

సుధామణి బిత్తరపోయింది. సంగతి తెలిశాక నవ్వాపుకోలేకపోయింది. "ఆ కేంద్రం ఢిల్లీలో ఉంది పెద్దమ్మా. నాకూ అదే గోల. బియ్యం ఆ ఢిల్లీ వాళ్లు పంపాలి, గుడ్లు రాష్ట్రం వాళ్లు పంపాలి, గోడ పంచాయతీ కట్టాలి. ఏది రాకపోయినా తిట్లు నాకే."

అంకాలమ్మ సగమే నమ్మింది. అర్జీ మాత్రం రాయించుకుని, సరిగ్గా రాసిందో లేదోనని పక్కింటి రూతు చేత మళ్లీ చదివించుకున్నాకే పంపింది.

మూడు నెలలకు దోనె వదలమని కాయితం వచ్చింది. గార్డుల ఆఫీసు పెరట్లో ఎండకు ఎండిన దోనె ఈ కొస నుంచి ఆ కొస దాకా బీట వారి ఉంది. బాగున్న దోనె అందిందని వేలిముద్ర వెయ్యమన్నాడు గార్డు.

"పగిలింది కదయ్యా."

"కాయితం పైనుంచి వచ్చిందండి. మార్చాలంటే మళ్లీ పైకి పంపాలి."

అంకాలమ్మ ఒక్కొక్కరి మాటా గుర్తుచేసుకుంది. రాంబాబు, చేపల ఆఫీసు, గుమాస్తా, చివరికి సుధామణి కూడా అబద్ధం చెప్పలేదు. అనుమానించడానికి ఒక్క మనిషి దొరకలేదు. ఆమెకు ఏడుపొచ్చింది.