నల్లా నీళ్ల చాటింపు

మున్సిపాలిటీ మా గల్లీలో నల్లా పాతింది కానీ, చుక్క నీరు రాలేదు. డప్పు మనిషి మాత్రం వారంవారం వచ్చి "రేపే నల్లా నీళ్లు వస్తయి" అని చాటి పోయేవాడు.

ఒకనాడు గల్లీ చూడవచ్చిన చైర్మన్‌ను మా అవ్వ ఇంట్లోకి పిలిచి, మంథని మిరపకాయల బజ్జీలు పెట్టింది. రెండోది కొరికేసరికి ఆయన కళ్లు ఎర్రబడ్డాయి.

"అక్కా, జర మంచినీళ్లు ఇయ్యి."

"నీళ్లేడియి సారూ? మీరు చాటిచ్చిన్రని బాయికి పోవుడు బంద్ జేసిన," అంది అవ్వ అమాయకంగా.

తలుపు చాటున ఉన్న మా అక్కా, నేనూ నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పరిగెత్తాం. చివరికి అవ్వే జాలిపడి మజ్జిగ ఇచ్చింది. ఆయన తాగి, దగ్గుతూనే వెళ్లిపోయారు.

ఆ నెలలోనే నల్లాలో సన్నగా ధార వచ్చింది. ఆడవాళ్లంతా వంతుల కోసం కొట్లాడుకున్నారు. అందరికన్నా గట్టిగా అరిచింది మా అవ్వే.